అంజయ్య ముక్కు, లెన్సు స్క్రూ

ముక్కు మీద కోపం ఉన్నవాళ్లు ఏ ఊళ్లోనైనా ఉంటారు. పటాన్‌చెరు బజారులో ఫోటో స్టూడియో పెట్టుకున్న అంజయ్యకు మాత్రం కోపమంతా ముక్కులోనే ఉండేది. గుమ్మం దిగితే చాలు, జేబురుమాలు తీసి అడ్డం పెట్టుకునేవాడు. అది తొంభైల మొదట్లో మాట. ఫ్యాక్టరీల వైపు నుంచి గాలి మళ్లిందంటే కుళ్లిన గుడ్లూ కాలిన రబ్బరూ కలిపి కాచినట్టు కంపు కొట్టేది. బజారంతా దానికి అలవాటు పడిపోయింది. అంజయ్య పడలేదు, పడనందుకు లోలోపల కాస్త గర్వం కూడా.

పెళ్లికి ముందు అతనూ ఒక మందుల ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కింద డ్రమ్ములు కడిగినవాడే. ఇంటికొచ్చి అన్నం ముద్ద నోటిదాకా తెస్తే వేళ్లలోంచి అదే వాసన. సబ్బు పెట్టి తోమాడు, నిమ్మచెక్క పెట్టి రుద్దాడు, పోలేదు. ఒకరోజు డ్రమ్ము మూత తీసి, అక్కడే కడుపులో ఉన్నదంతా కక్కుకుని, తడి బట్టలతోనే గేటు దాటి వచ్చేశాడు. మామ దగ్గర మూలన పడున్న కెమెరా తెచ్చుకుని స్టూడియో తెరిచాడు. ఫోటోకు వాసన ఉండదు. అంజయ్యకు ఆ పనిలో అన్నిటికంటే నచ్చింది అదే.

మనుషులకు మాత్రం వాసన ఉంటుంది కదా, అదే వచ్చిన చిక్కు. గేటు పాసు ఫోటో కోసం షిఫ్టు దిగి వచ్చిన వాళ్లను చూస్తే అతనికి ఒళ్లు జలదరించేది. గడ్డం కొంచెం పైకెత్తమని వేలు పెట్టడు, చెక్క స్కేలుతో లేపుతాడు. తల పక్కకు తిప్పాలన్నా స్కేలే. జనం నవ్వుకునేవాళ్లు. ఫోటో బాగా వస్తుంది కాబట్టి మళ్లీ అతని దగ్గరికే వచ్చేవాళ్లు.

ఆ ఏడు దసరాకు కెమెరాను పీట మీద పెట్టి ఆయుధపూజ చేశారు. భార్య కౌసల్యకు భక్తి ధారాళం. కెమెరాకు పసుపు రాసింది, కుంకుమ బొట్లు పెట్టింది, కొబ్బరి నీళ్లు కూడా చిలకరించింది. పనిముట్టు అన్నాక పారకైనా కెమెరాకైనా ఒకటే పూజ అని ఆమె లెక్క. పూజ బాగానే జరిగింది, కుంకుమ పోయి లెన్సు సందులో కూర్చుంది.

అంజయ్య పళ్లు నూరుకుంటూ గడప దగ్గర వెలుతురులో కూర్చున్నాడు. లెన్సును కెమెరాకు పట్టి ఉంచే వెనక రింగుకు మూడు స్క్రూలు, నువ్వుగింజలంత. వాటిని విప్పి, దూది పెట్టి కుంకుమ తుడిచాడు. తిరిగి బిగించేటప్పుడు ఒకటి వేళ్లలోంచి ఎగిరింది. ఎగిరి ఎక్కడ పడాలి? దిష్టి తీసి గడప ముందు పగలగొట్టిన గుమ్మడికాయలో పడింది. ఆ కాయ పొద్దుటి నుంచి ఎండలో మగ్గి, కుంకుమా గుజ్జూ కలిసి ఎర్రగా జిగటగా అయిపోయింది, దాని మీద ఈగలు ముసురుతున్నాయి.

"చెయ్యి పెట్టి దేవులాడు, దొరుకుతది," అన్నది కౌసల్య.

"ఛీ! గా గుజ్జుల నేను చెయ్యి పెట్టాల్నా?"

"పెట్టకుంటే మాయె. నేను కడుగుత."

ఆమె బకెట్ నీళ్లు కొట్టి చీపురుతో ఊడ్చేసింది. గుమ్మడికాయతో పాటు స్క్రూ గడప పక్క మురికి మోరీలోకి పోయింది. మోరీలోకి తొంగి చూసిన అంజయ్య, చూసినందుకే వెళ్లి ముఖం కడుక్కున్నాడు.

రెండు స్క్రూల మీద లెన్సు ఊగిసలాడేది. ఫోటో ఒక పక్క బాగుంటే ఇంకో పక్క అలుక్కుపోయేది. హైదరాబాదులో కెమెరా దుకాణం వాడిని అడిగితే విడి స్క్రూ రాదు, రింగు మొత్తం తెప్పించుకోమన్నాడు. గడియారాల దుకాణంలో దొరికినవి వదులైపోయాయి. కళ్లజోళ్ల దుకాణంలో ఇచ్చింది మరలోకి ఎక్కింది కానీ పొడుగు ఎక్కువై తల బయటికి పొడుచుకు నిలబడింది. దాన్ని అరగదీయగలిగిన మనిషి బజారులో ఒక్కడే. ప్రభుత్వ ఫ్యాక్టరీలో పనిముట్లు తయారుచేసి రిటైరైన త్రినాథరావు. ఆంధ్ర నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడి, ఇంటి వెనక రేకుల షెడ్డులో చిన్న చిన్న పనులు చేసిపెట్టేవాడు. అంజయ్య అక్కడికి పోలేదు. ఎందుకంటే త్రినాథరావు నస్యం పీలుస్తాడు. పీల్చి, తుమ్మి, ఆ వేళ్లను పంచెకు తుడుచుకుంటాడు. ఆ వేళ్లను తన లెన్సు మీద పడనివ్వడం అంజయ్య వల్ల కాలేదు.

సరిగ్గా అప్పుడే నర్సింహ వచ్చాడు. వాగు పక్క పల్లెవాడు. ఉన్న పొలం ఫ్యాక్టరీ నీళ్లకు చవుడైపోతే అదే ఫ్యాక్టరీలో బస్తాలు మోస్తున్నాడు. తల్లి ముత్యమ్మ మంచాన పడింది. ఏళ్ల తరబడి ఆ వాగు నీళ్లలో నిలబడి నాట్లు వేసీ వేసీ కాళ్లు పుండ్లయ్యాయి. అవి మానలేదు, పైకి పాకాయి. పెద్దాసుపత్రి వాళ్లు ఇంటికి తీసుకుపొమ్మన్నారు.

"అన్నా, మా అవ్వకు పుట్టి బుద్ధెరిగినంక ఒక్క ఫోటో లేదు. సచ్చినంక కుర్సీల కూసోబెట్టి తీస్తరు సూడు, గట్ల వద్దంటున్నది. పానం ఉన్నప్పుడే తియ్యమంటున్నది. జెర రాయే."

అంజయ్య ఆ మంచాన్ని ఊహించుకున్నాడు, ఆ కాళ్లను ఊహించుకున్నాడు. ఇక్కడ కూర్చునే ముక్కు మూసుకున్నాడు. "లెన్సు ఖరాబైంది తమ్మీ. స్క్రూ దొరకంగనే వస్త," అన్నాడు.

అది అబద్ధం కాదు. నిజం కూడా కాదు. మొన్ననే ఒక కాంట్రాక్టరు ఇంట పెళ్లికి అదే లెన్సుకు టేపు చుట్టి రీళ్లకు రీళ్లు తీశాడు. అక్కడ బిర్యానీ వాసన, అత్తరు వాసన. టేపు అక్కడ పనికొచ్చింది.

నర్సింహ మళ్లీ వచ్చాడు. ఇంకా స్క్రూ దొరకలేదని అంజయ్య మళ్లీ చెప్పాడు. వేరే స్టూడియోల వాళ్లు పెళ్లిళ్ల మీద ఉన్నారు, వాగు పక్క పల్లెకు అంటే అసలే కదలరు. నర్సింహ గుమ్మంలో నిలబడి, "ఇగ ఎక్కువ దినాలు లేదన్నా," అని చెప్పి, ఏడవకుండా వెళ్లిపోయాడు.

లోపలి నుంచి కౌసల్య వచ్చింది. "పెండ్లికి టేపు సుట్టినవు. గామె ఫోటోకు స్క్రూ కావాల్నా? నీది రోత గాదు, పొగరు."

అంజయ్యకు ఒళ్లు మండింది. అయినా ఆ సాయంత్రమే త్రినాథరావు షెడ్డుకు వెళ్లాడు. ఆయన కళ్లజోడు స్క్రూను చిన్న పట్టకారులో బిగించి, ఆకురాయితో మెల్లగా అరగదీశాడు. మధ్యలో నస్యం పీల్చాడు, తుమ్మాడు, వేళ్లు పంచెకు తుడుచుకున్నాడు. అంజయ్య గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

"ఇంత చిన్న పనికి ఇన్నాళ్లు ఆగావేమయ్యా? అదేరోజు వస్తే అప్పుడే చేసిచ్చేవాణ్ణి కదా," అన్నాడు త్రినాథరావు.

స్క్రూ కుదిరింది. లెన్సు ఇటు అటు కదలడం మానేసింది. అంజయ్య ఇంటికొచ్చి స్పిరిటు దూదితో లెన్సునంతా తుడిచాడు, తర్వాత చేతులు తుడుచుకున్నాడు.

మర్నాడు పొద్దున పల్లెకు పోయాడు. వాగు ఎర్రగా, పైన నురగతో ఉంది. ఇంట్లో ముత్యమ్మను దిండ్లకు ఆనించి కూర్చోబెట్టారు. తల దువ్వి, నూనె రాసి, పెట్టెలోంచి తీసిన ఆకుపచ్చ చీర చుట్టారు. కాళ్ల మీద దుప్పటి కప్పారు. దుప్పటి పుండ్ల వాసనను ఆపలేదు.

రెండు చేతులూ కెమెరాకు కావాలి కాబట్టి అంజయ్య రుమాలు జేబులోనే ఉంచి ఊపిరి బిగపట్టాడు. కన్ను పెట్టి చూస్తే ముత్యమ్మ స్పష్టంగా కనిపించింది. నుదుటి బొట్టు, చెంపల మీది పచ్చబొట్టు చుక్కలు, ఒక్కొక్క ముడత. ఎక్కడా అలుక్కుపోలేదు. ఇటు చూడమ్మా అనాలి. అనాలంటే ఊపిరి తీసుకోవాలి. తీసుకున్నాడు. లోపలి నుంచి తన్నుకొచ్చినదాన్ని మింగాడు, ముఖం వంకరపోయింది.

అతను సర్దుకుని మళ్లీ కన్ను పెట్టేసరికి ముత్యమ్మ కెమెరాను చూడటం లేదు. కెమెరా పక్కన ఉన్న అతని ముఖాన్ని చూస్తోంది. చాలాసేపటి నుంచి చూస్తున్నట్టుంది.

"బందు వెట్టు బిడ్డా," అన్నది.

"ఏమైందే అవ్వా? నువ్వే గద తియ్యమన్నవు," అన్నాడు నర్సింహ.

"నేనే తియ్యమన్న. గీ బిడ్డ నన్ను ఎట్ల సూస్తున్నడో ఫోటోల గట్లనే వస్త గద. గా మొకం నా మనుమండ్లు సూడొద్దు."

అంజయ్య ఏదో చెప్పబోయాడు. లెన్సు బాగైందమ్మా, మంచిగ వస్తది, అని చెప్పబోయాడు. ముత్యమ్మ ఆకుపచ్చ కొంగు ముఖం మీదికి లాక్కుని గోడ వైపు తిరిగింది. నర్సింహ అతని భుజం మీద చెయ్యి వేసి, "జెర బయటికి నడువన్నా," అన్నాడు.

ఆ వారంలోనే ఆమె పోయింది. పల్లెవాళ్లు కుర్చీ తెచ్చి, దండ తెచ్చి, ఫోటోకు ఎవరినైనా పిలుచుకురమ్మంటే నర్సింహ కదలలేదు. మా అవ్వ వద్దన్నది, అన్నాడట.