డూపు గారి ముఖం

మా ఆయన వరప్రసాద్ ముఖం కృష్ణానగర్‌లో అందరికీ తెలుసు, ఒక్క కెమెరాకే తెలియదు. పాతికేళ్ళుగా ఆయన సినిమాల్లో డూపు. హీరో సైకిల్ మీద రివ్వున పోతుంటే వెనక నుంచి కనిపించే వీపు మా ఆయనదే. కొత్తలో ఒకసారి పొరపాటున కెమెరా వైపు చూశారట. షాటు పాడైందని యూనిట్ మొత్తం ముందు డైరెక్టర్ దులిపేశాడట. అంతే, అప్పట్నుంచి కెమెరా కంటపడితే చాలు, మెడ దానంతటదే తిరిగిపోతుంది. మా పెళ్ళి ఆల్బమ్ తెరిస్తే తాళి కడుతున్న ఫొటోలో ఆయన చెవి, తలంబ్రాల ఫొటోలో నడినెత్తి. నేను మాత్రం అన్నిట్లో పళ్ళికిలిస్తూ ఉంటాను. ఆధార్ కార్డులో ముఖం ఉందిగా అంటారాయన. అది ఎవరి ముఖమో ఆ దేవుడికే తెలియాలి.

ఈ మధ్య మా అమ్మాయి హరిణి టోలిచౌకిలో అద్దె ఇంట్లో దిగింది. హాల్లో నాన్న ఫొటో పెట్టుకుంటానని ముందే ఫ్రేము కొని, ఖాళీగా మేకుకు తగిలించింది.

"బతికున్నవాడికి గోడ మీద ఫొటో ఏంటే? దండ కూడా వేస్తావా?" అన్నారీయన.

ఆ ఖాళీ ఫ్రేము నేను చూడలేకపోయాను. అందుకే మా వీధి కౌస్తుభ్ నడిపే సైకిల్ బృందంలో ఇద్దరం చేరాం. టోలిచౌకిలో బయల్దేరి, ఫిల్మ్ నగర్ ఎక్కి, కృష్ణానగర్‌లో దిగాలి. దారిలో అందరికీ కౌస్తుభే ఫొటోలు తీస్తాడు. "ఈసారి ముఖం పడకపోతే ఇంట్లో అన్నం ఉండదు" అని ముందే చెప్పాను.

మే నెల ఎండ. పొద్దున్నే బయల్దేరినా ఫిల్మ్ నగర్ చేరేసరికి తారు రోడ్డు పెనంలా కాలుతోంది. కుర్రాళ్ళే సైకిళ్ళు దిగి నెట్టుకుంటున్నారు. మా ఆయన మాత్రం సీటు దిగకుండా హాయిగా ఎక్కేస్తున్నారు. మలుపు దగ్గర కౌస్తుభ్ కెమెరా ఎత్తాడు. టక్కున మెడ పక్కకి!

"అన్నా, జర ఇటు చూడరాదే! గట్ల తల తిప్పుతవేంది?"

"అలవాటైపోయిందయ్యా, ఏం చెయ్యను?"

ఇంకోసారి ఎత్తితే చెప్పు సర్దుకోవడానికి వంగారు. "మీ మెడకి మేకు కొట్టాలి" అని నేను అరిచాను. ఆయన నవ్వుకుంటూ ముందుకెళ్ళిపోయారు. కౌస్తుభ్ కూడా విసిగిపోయి, అందరికంటే వెనకబడ్డ నా వెనక చేరి వీపులే తీస్తున్నాడు.

చివరి చడావు ఎక్కుతుంటే నాకు కళ్ళు బైర్లు కమ్మాయి. సైకిలాపి హ్యాండిల్ మీద వాలిపోయాను. "ఏవండీ!" అన్నాను. గొంతు నాకే సరిగ్గా వినపడలేదు. ఆయనకి వినపడింది. గిర్రున మొత్తం వెనక్కి తిరిగారు. నా వెనక కెమెరా క్లిక్కుమంది. ఆయన సైకిల్ రోడ్డు మీదే పడేసి పరిగెత్తుకొచ్చి, సీసాడు నీళ్ళూ నా నెత్తి మీద కుమ్మరించారు.

"నీకెందుకే ఈ ఎండలో సైకిళ్ళు!" అని తిడుతూనే తన చొక్కా కొసతో నా ముఖం తుడుస్తున్నారు. నాకు ఏడుపొచ్చింది.

కాస్త తేరుకున్నాక కౌస్తుభ్ మాకు కెమెరా చూపించాడు. మా ఆయన ముఖం, నిండుగా, ఎండలో మెరుస్తూ.

"అయ్యో, ముఖం పడిపోయిందే! షాటు పోయిందయ్యా, ఇంకోటి తియ్యి!" అన్నారీయన కంగారుగా.

"పోవడమా? ఓకే అయింది, నోరు మూసుకోండి" అన్నాను.

ఇప్పుడది హరిణి హాల్లో ఉంది. వచ్చినవాళ్ళు మీ నాన్న ఎందుకంత భయపడుతున్నారు అని అడుగుతారట. ముందు కనిపించే ఈ బొద్దు వీపెవరిదని కూడా అడుగుతారట. అడగనీండి. ఆయన చూస్తున్నది నన్నే.