మూడో పిలుపు

నేను చేసేది లెక్కల పని. మిల్లులవాళ్లు పల్లెల్లో, అడవి ఊళ్లలో కూడా, ఆటోకు మైకు కట్టి కూలీలను పిలుస్తారు. వాన, పంట, కూలి రేటు లాంటివన్నీ పక్కన పెట్టాక, అచ్చంగా ఆ ప్రకటన వల్ల ఎందరు ఊరు విడిచారో ఎకనామెట్రిక్ మోడల్‌తో తేల్చాలి. ఖమ్మంలో ఫ్యాను కింద కూర్చుని చేసుకునే ఉద్యోగం. అడవి ముఖం చూడాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు.

ఆ ఏడు భద్రాచలం వైపు లెక్క మాత్రం వింతగా వచ్చింది. ప్రకటన మొదట్లో ఒక ఆడపిల్ల "అవ్వా" అని తల్లిని పిలుస్తుంది. ఏది పనిచేస్తుందో చూద్దామని ఆ పిలుపును ఊరికో రకంగా వినిపించారు. ఒకసారో రెండుసార్లో వినిపించిన పల్లెల్లో ఒక్కరూ కదల్లేదు. మూడుసార్లు వినిపించినచోట జనం బారులు తీరారు. అడవి లేని మధిర వైపు ఇలాంటి తేడా ఏమీ లేదు. మోడల్‌లో తప్పుందేమోనని తిప్పి తిప్పి చూశాను. దొరకలేదు. దొరకని తప్పంటే నాకు ఒళ్లు మంట. ఆటో వెంట నేనే బయల్దేరాను.

మణుగూరు దాటాక అడవి అంచున ఒక పల్లె. మిట్టమధ్యాహ్నం, బయట ఒక్క మనిషి లేడు. డ్రైవర్ మైకు వేశాడు. "అవ్వా!" తలుపుల వెనక చీర అంచులు కదిలాయి. లోపల అందరూ ఊపిరి బిగబట్టి నిలబడ్డారని అర్థమైంది. మళ్లీ "అవ్వా!" ఎవరూ పలకలేదు. మూడోసారి పిలుపు రాగానే ఊరి ఆడవాళ్లంతా ఒక్క గొంతుతో "ఓ" అన్నారు. నిజం చెప్పాలంటే భయమేసింది.

అందరికన్నా ముందు ఒక పెద్దావిడ బయటికొచ్చి మైకు పక్కన నిలబడింది.

"మొదటిసారే ఎందుకు పలకరమ్మా?" అని అడిగాను.

"సచ్చినోళ్లు రెండుసార్ల కన్న ఎక్కువ పిలువరు సారూ. తొందరపడి పలికితే వాళ్లెంట పోవుడే. మూడోసారి పిలిచేది బతికున్న మనిషే."

"ఇది మైకు కదమ్మా."

"మైకైతే ఏంది, గొంతు మనిషిదే గద. గిది నా బిడ్డ గొంతు. మిల్లుకు పోయినంక ఫోన్ బందయింది. మూడుసార్లు పిలిచింది గద, బతికే ఉన్నట్టు గద సారూ?"

మిల్లువాళ్లు పంపిన అసలు రికార్డింగు నా ల్యాప్‌టాప్‌లో ఉంది. పక్కకు వెళ్లి ఇయర్‌ఫోన్ చెవికి పెట్టుకుని విన్నాను. ఆ పిల్ల పిలిచింది ఒక్కసారే. పిలిచాక సన్నగా దగ్గింది. డ్రైవర్ మళ్లీ మైకు వేస్తే విన్నాను. మూడు పిలుపుల వెనకా అదే దగ్గు. మిగతా రెండూ స్టూడియోలో అతికించినవి.

ఆమె నా ముఖంలోకే చూస్తోంది. ఒక్కసారే పిలిచిందని ఆ తల్లికి ఎలా చెప్పను? ల్యాప్‌టాప్ మూసేశాను. నా మౌనాన్ని ఆమె అవునని తీసుకుంది. ఇంట్లోకి వెళ్లి సంచి సర్దుకుని వచ్చి ఆటో ఎక్కింది.

"వస్తున్న బిడ్డా" అని మైకుతో చెప్పింది.