పైన ఎవరి పేరుండాలి

ఆటోవాడు దారి తప్పితే ఉపేందర్ దిగి తన దోవన పోడు. ఆ తప్పు వాడి నోటితో ఒప్పించేదాకా రామంతాపూర్ సిగ్నల్ దగ్గరే నిలబెడతాడు. అదీ మనిషి.

జనగామ పక్క పల్లె నుంచి వచ్చి, ఉప్పల్‌లో ఇంటింటికీ ఇంటర్నెట్ వైర్లు లాగుతూ పని నేర్చుకుని, బుచ్చిబాబుగారి రక్తపరీక్షల ల్యాబ్‌లో కంప్యూటర్లన్నిటికీ పెద్దదిక్కయ్యాడు. ల్యాబ్‌లు రెండు. ఉప్పల్‌ది బుచ్చిబాబుగారిది, నాచారంది ఆయన తమ్ముడిది. నాచారం కౌంటర్‌లో కూర్చునేది ఉపేందర్ భార్య రాణి.

రిపోర్టులు చూసుకునే వెబ్‌సైటు రెండింటికీ ఒక్కటే ఉండాలన్నారు అన్నదమ్ములు. ఉపేందర్ ముందొక ప్రాక్సీ సర్వర్ పెట్టాడు. గుమ్మంలో నిలబడి వచ్చినవాళ్లకు దారి చూపడమే దాని పని. అడ్రసులో నాచారం అని ఉంటే నాచారం కంప్యూటర్‌కి, ఇంకేమున్నా ఉప్పల్‌కి. అది ఒక ఫైల్లో రాసిన వరసలను పైనుంచి చదువుతూ, మొదట ఏది సరిపోతే అటే పంపేస్తుంది, కిందికి చూడదు. అందుకే నాచారం పైన, "ఇంకేమున్నా ఉప్పల్" కింద రాశాడు. చక్కగా నడిచింది. మురిసిపోయి ఆ ఫైలు బుచ్చిబాబుగారికి చూపించాడు.

"ఏవయ్యా, తమ్ముడిది పైనా, నాది అడుగునా? శుభలేఖలో కూడా నా తర్వాతే వాడి పేరు. మార్చు."

"గది పేర్ల వరస కాదు సార్. మీది పైన వెడితే అన్నీ మీకే వస్తయ్. నాచారమోళ్ల రిపోర్టులు ఓపెన్ కావు."

"పెద్దవాణ్ణి, నాకే రానీ. మార్చమన్నానా?"

మార్చాడు. నాచారంలో రక్తమిచ్చినవాళ్లు లింకు నొక్కితే ఉప్పల్ కంప్యూటర్‌కి పోయి, రిపోర్టు లేదని వచ్చింది. జనం రాణి మీద పడ్డారు. రిపోర్టు లేక డాక్టరు వెనక్కి పంపిన ఒకాయన, కౌంటర్ ముందు నిలబడి ఆమెను నానా మాటలూ అన్నాడు.

ఉపేందర్ రోజూ కాగితం మీద బాణాలు గీసి చూపించాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. బుచ్చిబాబుగారు పొద్దున్నే ఫైలు తెరిపించి, పైన తనదే ఉందని చూసుకుని గానీ కాఫీ ముట్టేవారు కాదు. యంత్రానికి అర్థమైంది ఈ మనిషికి ఎందుకు కాదని ఉపేందర్ పళ్లు కొరికాడు. తప్పు ఒప్పించకుండా వదిలేదే లేదనుకున్నాడు.

వారం గడిచాక విసుగొచ్చి, ఫైలు నెత్తిన ఒక # గుర్తు పెట్టి "ఉప్పల్: శ్రీ బుచ్చిబాబుగారు" అని రాశాడు. ఆ గుర్తున్న వరసను యంత్రం పట్టించుకోదు, మనుషులే చదువుకుంటారు. దాని కింద నాచారం, అట్టడుగున అసలు ఉప్పల్. నాచారం రిపోర్టులు మళ్లీ తెరుచుకున్నాయి.

"కిందా నాదేనా?" అన్నారు బుచ్చిబాబుగారు.

"అవ్ సార్. రెండు దిక్కులా మీరే."

"చూశావా, పెద్దల మాట వింటే పని ఎలా జరుగుతుందో!"

ఉపేందర్‌కి ఒళ్లు మండింది. సాయంత్రం రాణితో అంతా చెప్పుకుని కసి తీరా తిట్టాడు. ఆమె నవ్వలేదు.

"గా ఒక్క లైను రాసుడుకు ఎంతసేపు వట్టింది?"

"నిమిషం గూడ వట్టలే."

"మరి మొదటి దినమే ఎందుకు రాయలే?"

"గాయనతోని తప్పు ఒప్పియ్యాలని సూసిన."

"ఒప్పుకున్నడా?"

"లే. గాయన మాట ఇన్నందుకే పనైందంటడు."

"నీ పంతం నీదాయె. వారం దినాలు తిట్లు తిన్నది నేను" అంది రాణి.