బండి బాడుగ చీటీ

నా చిన్నప్పుడు మా ఇంట్లో పురుడు వచ్చిందంటే చాలు, మా తాతయ్య చాపా దిండూ చుట్టుకుని కొట్టుకి మకాం మార్చేసేవాడు. భోజనం క్యారేజీలో వెళ్ళేది. స్నానం కొట్టు వెనక నూతి దగ్గరే. పురుడు వెళ్ళి ఇల్లు కడుక్కున్నాక తిరిగి వచ్చేవాడు గానీ, బాలింత ఉన్న గది వైపు మొహం తిప్పేవాడు కాదు. పసిబిడ్డని తాకేవాడు కాదు. ఆ బిడ్డ నడక నేర్చి, తనంతట తాను వెళ్ళి ఆయన పంచె పట్టుకుని లాగితే అప్పుడు ఒళ్ళో కూర్చోబెట్టుకునేవాడు. తన సొంత పిల్లల దగ్గర కూడా అంతేనట. నేను పుట్టినప్పుడూ అంతే. కొత్తగా చూసేవాళ్ళకి ఇది పొగరులా కనిపించేది. అది పొగరు కాదు, భయం.

ఆ భయం ఎక్కడిదో మా ఇంట్లో అందరికీ తెలుసు. తాతయ్యని కన్న తల్లి పురిట్లోనే కన్నుమూసిందని, పుడుతూనే ఆయన తల్లిని పొట్టన పెట్టుకున్నాడని చెప్పుకునేవారు. ఆయన్ని పెంచింది ఆయన నాయనమ్మ. ఆ ముసలావిడ అన్నం కలిపి పెడుతూ కూడా 'తల్లిని మింగినోడా' అనే పిలిచేదట. తండ్రి మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు, మొదటి భార్య ఊసు ఎన్నడూ ఎత్తలేదు. పసివాడు ఆ మాట వింటూనే పెద్దవాడయ్యాడు. గడ్డాలు నెరిసినా ఆ మాట ఆయన్ని వదల్లేదు. తన నీడ పడితే బాలింతకి కీడు జరుగుతుందని ఆయన నమ్మకం. ఎవరు చెప్పినా వినేవాడు కాదు, గట్టిగా చెబితే లేచి వెళ్ళిపోయేవాడు.

మాది టెక్కలి బజారులో ఉప్పు కొట్టు. నౌపడ నుంచి ఉప్పు బస్తాలు బళ్ళ మీద వచ్చి దిగుతుంటే ఆ పొడి గాలికి పెదాలు ఉప్పగా ఉండేవి. అరవై ఏడో, అరవై ఎనిమిదో, సరిగ్గా గుర్తు లేదు, నేను అయిదో తరగతి చదువుతున్నాను. తాతయ్యకి అందరిలోకీ ముద్దుల కూతురైన మా చిన్నత్త తొలికాన్పుకి పుట్టింటికి వచ్చింది. కాన్పు చాలా కష్టమైంది. మంత్రసాని బయటికి వచ్చి గోడకి చేరగిలబడిపోవడం, మా అమ్మ దేవుడి గదిలోకి పరుగెత్తడం నాకు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టు ఉంది. చివరికి తల్లీ పిల్లా ఇద్దరూ క్షేమంగా బయటపడ్డారు. ఆడపిల్ల. తాతయ్య అప్పటికే కొట్టుకి వెళ్ళిపోయాడు.

పురుడు వెళ్ళింది. తాతయ్య ఇంటికి వచ్చాడు. వీధి అరుగు మీదే భోజనం, అక్కడే పడక. అత్త లోపలి నుంచి ఆయన దగ్గు వింటూ ఉండేది. రోజూ అడిగేది, నాన్న ఇటు వచ్చాడా అని. అడిగి అడిగి ఒకరోజు తిండి మానేసింది. పత్యం అన్నం ముందు పెట్టుకుని మా నాయనమ్మ మొహంలోకి చూసింది.

"నాను సచ్చిపోనేదు కదమ్మా! బతికే ఉన్నాను కదా! ఒక్కపాలి గుమ్మం కాడికొచ్చి నా పిల్లని సూస్తే ఏటి పోతాది? సూడకపోతే నాను మరింక ఈ గడప తొక్కనమ్మా."

అత్త మాట అంటే మాటే. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. మా అమ్మ ఏడ్చింది. నాయనమ్మ ఏడవలేదు. బిడ్డని ఉయ్యాల్లో వేసి, చెంగుతో చేతులు తుడుచుకుని, నన్ను పిలిచి అటక ఎక్కమంది.

మా అటక మీద ఏముండేదో ఇక్కడ చెప్పాలి. మా తాతయ్య తండ్రి వాళ్ళు నలుగురు అన్నదమ్ములు. ఉమ్మడి వ్యాపారం, ఒకే పొయ్యి. బయట కొట్లలో ఏ సరుకు కొన్నా, ఏ బండి మాట్లాడినా అవతలివాడి చేత చీటీ రాయించుకునేవారు. ఇంటికి రాగానే పెద్దాయన ఆ చీటీ వెనక్కి తిప్పి అది ఏ తమ్ముడి ఇంట్లో ఎవరి కోసం అయిన ఖర్చో రాసేవాడు. ఏడాది చివర వాటాలు తేల్చుకునేటప్పుడు మాటా మాటా రాకూడదని ఆ కట్టుబాటు. రాశాక చీటీని ఇనప తీగకి గుచ్చేవారు. ఉగాదికి ఆ తీగ వంపు తిప్పి, ఆ ఏటి పేరు రాసిన తాటాకు ముక్క కట్టి, వేపాకు పరిచిన పెట్టెలో పెట్టేవారు. అన్నదమ్ములు విడిపోయి చాలా కాలమైంది. చీటీలు మాత్రం మిగిలాయి. వాటిని పారేయడానికి ఎవరికీ చెయ్యి రాలేదు, చదవడానికి ఎవరికీ తీరిక లేదు.

"వికారి అని ఉన్న తీగ ఎతుకు. దాని పక్కదే శార్వరి ఉంటాది, అదీ దింపు," అంది నాయనమ్మ కింద నిలబడి. తనకి చదువు రాదు. నాకు తాటాకు మీది పేర్లు కూడబలుక్కుని చదవడం వచ్చు గానీ చీటీల్లోది గొలుసుకట్టు రాత, అక్షరం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో తెలిసేది కాదు. ఇంట్లో అది చదవగలిగింది తాతయ్య ఒక్కడే.

"కొట్టుకి అట్టుకెళ్ళి మీ తాతకియ్యి. పాతకాలంలో బాలింతలకి కాయం ఎలగ సేసీవోరో, ఏ సరుకు ఎంతో సదివి సెప్పమను. మీ అత్తకి సెయ్యాలి. ముక్క వదిలీకుండా సదవమను. బేగి ఎల్లు!"

కాయం అంటే బాలింతకి పెట్టే కారపు మందు. శొంఠీ పిప్పళ్ళూ దంచి, బెల్లం పాకంలో వేసి ఉండలు కడతారు. మా నాయనమ్మకి అది నిద్రలో లేపినా చేయడం వచ్చు. ఆ మాట నాకు అప్పుడు తట్టలేదు. తాతయ్య పుట్టిన ఏడాది వికారి అని కూడా నాకు తెలియదు.

మధ్యాహ్నం ఎండకి బజారు పలచబడి ఉంది. బాలింత, కాయం అనే మాటలు వినగానే తాతయ్య మొహం ముడుచుకున్నాడు. కానీ పాత రాత కనిపిస్తే ఆయన చేతులు ఊరుకోవు. కళ్ళజోడు తుడుచుకుని, తీగ వంపు విప్పి, ఒక్కొక్క చీటీ తీసి చదవసాగాడు. దూడకి తాడు, పెద్దవాని ఇంట. కుండలు, నాలుగో వాని ఇంట. పొందూరు పంచెలు, రెండో వానికి. వాళ్ళంతా ఎవరో నాకు చెబుతూ నవ్వుకున్నాడు కూడా. మూడో వాడంటే మా నాన్నే, అన్నాడు.

తర్వాత ఒక చీటీ దగ్గర చెయ్యి ఆగింది. మార్గశిర మాసం. శొంఠి, పిప్పళ్ళు, మోడి, వాము, పాత బెల్లం. కాయమునకు. వెనక్కి తిప్పి చదివాడు: మూడో వాని భార్యకు. నేను గబగబా కాగితం మీద రాసుకుంటున్నాను. ఆయన మాత్రం ఆ చీటీని మళ్ళీ ముందుకి తిప్పి, మళ్ళీ వెనక్కి తిప్పాడు. నేను కార్తీకంలో పుట్టాను కదా అని గొణిగాడు. నెల తప్పు రాసి ఉంటారులే అనుకుని పక్కన పెట్టాడు. నాకు ఆ మాటతో ఏదో గుచ్చుకున్నట్టయింది. ఇంట్లో చెప్పుకునే కథ నాకూ తెలుసు కదా, పురిట్లో పోయిన మనిషికి నెల తర్వాత కాయం ఎందుకు?

పుష్య మాసం చీటీలో వెల్లుల్లి, ఆవునెయ్యి ఉన్నాయి. పాలు పడుటకు, మూడో వాని భార్యకు. తర్వాతి చీటీలు నాకు వినిపించేలా చదవలేదు, పెదాలు మాత్రం కదుపుతున్నాడు. ఉప్పు కొనడానికి ఎవరో వచ్చి నిలబడ్డారు. తాతయ్య చూడలేదు. ఆ మనిషి పిలిచి పిలిచి వెళ్ళిపోయాడు.

మాఘం చివర్లో ఒక బండి బాడుగ చీటీ ఉంది. బండివాడి రాత కాబోలు, అక్షరాలు వంకరగా ఉన్నాయి. శ్రీముఖలింగం శివరాత్రి తీర్థానికి పోను రాను బాడుగ. దాని వెనక పెద్దాయన రాసింది తాతయ్య పైకి చదివాడు. ఆ గొంతు నేను అంతకు ముందెప్పుడూ వినలేదు.

"మూడో వాని భార్య, ఆమె ఒడిలో పిల్లవాడు."

కళ్ళజోడు తీసేశాడు. చీటీని రెండు చేతుల్లో పట్టుకున్నాడు.

"మా అమ్మ నన్నెత్తుకున్నాదే," అన్నాడు నాతో. "ఒలే గుంటా, మా అమ్మ నన్ను ఒళ్ళో ఎట్టుకుని ముఖలింగం తీసికెల్లినాదే!"

ఆయన మోకాలి మీద చెయ్యి వేశాను. కాసేపటికి తేరుకుని రెండో తీగ ఇమ్మన్నాడు. వద్దు తాతయ్యా అందామనుకుంటూనే ఇచ్చాను. అందులో ఏముంటుందో ఆయనకీ తెలుసు, చిన్నదాన్నైనా నాకూ తెలుసు. శార్వరి వైశాఖంలో జ్వరానికి కషాయం సరుకులు ఉన్నాయి. ఆ వెంటనే గంధపు చెక్క, నెయ్యి, కోరా గుడ్డ. ఆ చీటీ వెనక కూడా అదే చేతి రాత, అవే మాటలు: మూడో వాని భార్యకు. తాతయ్య దాన్ని కళ్ళకి అద్దుకున్నాడు. అప్పుడు ఏడ్చాడు. తర్వాత మా నాన్న పోయినప్పుడు నేనెలా ఏడ్చానో అలా, చిన్నపిల్లవాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. కన్నతల్లి పోయిన దుఃఖం ఆయనకి అంతవరకు దక్కలేదని నాకు పెద్దయ్యాక గాని అర్థం కాలేదు. తప్పు చేసినవాడికి ఏడ్చే హక్కు ఎక్కడిది? అన్నేళ్ళూ తానే చంపానని తల వంచుకు తిరిగాడు పాపం.

ఎండ తగ్గకముందే కొట్టు మూశాడు. దారిలో నా చెయ్యి వదల్లేదు. ఇంటికి వచ్చి నూతి దగ్గర కాళ్ళూ మొహమూ కడుక్కుని లోపలికి నడిచాడు. నాయనమ్మ వంటింటి గుమ్మంలో చేట పట్టుకుని కూర్చుని ఉంది.

"కాయం కొలతలు దొరికినాయేటి?" అంది తలెత్తకుండానే.

"దొరికినాయి," అన్నాడు తాతయ్య.

బాలింత గది గుమ్మం దగ్గరికి వచ్చి ఆగిపోయాడు. అత్త మంచం మీద లేచి కూర్చుంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. 'లోనికి రానా అమ్మా?' అన్నాడు ఆయన, పరాయి ఇంటికి వచ్చినవాడిలా. అత్త బిడ్డని రెండు చేతుల మీదా పెట్టి ఆయన వైపు చాచింది. పసిబిడ్డని ఎలా పట్టుకోవాలో ఆయనకి తెలియదు! మనవలున్న ముసలాయనకి తల కింద చెయ్యి పెట్టాలని తెలియదు. నాయనమ్మ వెనకే వచ్చి ఆయన మోచెయ్యి సర్దింది. ఆ పిల్ల కళ్ళు తెరిచి ఆయన్ని చూసి, ఆవులించి మళ్ళీ పడుకుంది. అత్త ఆ పూట అన్నం తిన్నది.

కాసేపటికి తాతయ్య బిడ్డని అత్తకి ఇచ్చేసి నా వైపు తిరిగాడు. నిన్నూ ఎత్తుకోనేదు కదే, అన్నాడు. నేను అప్పటికే పొడుగ్గా, బరువుగా ఉండేదాన్ని. నడుం పట్టేస్తాది, ఒద్దు అని నాయనమ్మ అరుస్తూనే ఉంది. ఆయన వినలేదు. నన్ను అమాంతం ఎత్తి భుజాన వేసుకున్నాడు. నా కాళ్ళు ఆయన మోకాళ్ళ దాకా వేలాడాయి. మా అమ్మ నవ్వుతూ ఏడ్చింది.

చాలా ఏళ్ళ తర్వాత నాయనమ్మని అడిగాను, నీకు ముందే తెలుసా అని. తెలియదంది. కాపురానికి వచ్చిన కొత్తల్లోనే తనకి ఒక అనుమానం వచ్చిందట. తల్లి పురిట్లోనే పోతే ఆ పసివాడు ఎవరి పాలు తాగి బతికాడు? అత్తవారింట్లో ఎవరిని అడిగినా నోరు మూసుకోమన్నారు. తాతయ్యని అడిగితే రెండు రోజులు మాట్లాడలేదు. కూతురు అన్నం మానేసిన రోజున ఇక ఉండబట్టలేక, ఆయన చేతే చదివించింది. చీటీల్లో ఏమీ లేకపోతే ఏం చేసేదానివి అంటే, కాయమే సేసీదాన్ని అంది.

తనని పెంచిన ఆ ముసలావిడని తాతయ్య ఎన్నడూ తిట్టలేదు. కోడలు చేతిలోంచి జారిపోతే కడుపుమంట కొద్దీ ఒక మాట అని ఉంటుంది. అన్న మాట అలవాటైపోయింది. విన్నవాళ్ళు అదే నిజమనుకున్నారు. జ్వరంతో పోయిన తల్లి పురిట్లో పోయినదైపోయింది. తాతయ్య తన తల్లి పేరు కోసం మిగిలిన తీగలన్నీ వెతికాడు. ఎక్కడా లేదు, అన్నిట్లోనూ మూడో వాని భార్యే. ఆ బాధ ఆయనకి చివరిదాకా ఉండేది. అయినా మా అత్త తర్వాతి కాన్పులకి గుమ్మం బయట మొదట నిలబడింది ఆయనే.

నాకిప్పుడు మనవలున్నారు. పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో ఎవరైనా ఒక పసిదాన్ని చూపించి, ఇది పుట్టాకే తండ్రికి ఉద్యోగం ఊడింది, ఇది కడుపున పడ్డాకే తాత పోయాడు అని నవ్వుతూ అంటుంటారు. నేను ఊరుకోను. ఎవరు చెప్పారు, ఎప్పుడు పోయాడు, నువ్వు చూశావా అని అందరి ముందూ నిలదీస్తాను. నా నోరు మంచిది కాదని మా కోడళ్ళు సిగ్గుపడతారు. ఊరికే సరదాకి అన్నారు కదా అంటారు. సరదాకే కావచ్చు. కానీ ఆ పిల్ల అక్కడే ఉంటుంది, వింటూ ఉంటుంది.