కుళ్ళాయప్ప సంచి

మాది హిందూపురంలో స్టీలు పాత్రల అంగడి. తాతల నాటిది. నా పేరు రంగనాథ్. కుళ్ళాయప్ప గురించి రాస్తానంటే మా ఆవిడ కస్తూరి ఒకటే మాట అంది: "రాస్తే నీ సంగతి దాచకుండా రాయి, లేదంటే కలం ఆడ పెట్టేయి." అందుకని సిగ్గు విడిచి రాస్తున్నాను. విడవడానికి ఇంకా ఏం మిగిలిందో నాకే తెలియదు.

కుళ్ళాయప్పది పెనుకొండ పక్క పల్లె. ఆరెకరాల మెట్ట, చెనిక్కాయ, అంటే వేరుశెనగ పంట, వాన వస్తే తిండి, రాకపోతే అప్పు. ఇంటర్‌లో ఇద్దరం ఒకే బెంచీ మీద కూర్చున్నాం. తర్వాత అతను ఫారెస్ట్ గార్డు ఉద్యోగానికి పోయాడు. పరుగులో అందరికంటే ముందొచ్చి, ఛాతీ కొలతలో అర అంగుళం తక్కువై ఇంటికి తిరిగొచ్చాడు. "ఛాతీ కొలిచినోడు నా కాళ్ళు కొలవకపాయె గదప్పా" అని ఇప్పటికీ నవ్వుతాడు. బీడీ లేదు, పేకాట లేదు. అతనికున్న ముచ్చటల్లా కొండలెక్కడం ఒక్కటే.

ఎనిమిదేళ్ళ కింద బ్యాంకులో రిటైరైన మా వీధి ప్రసాద్ సార్‌కు షుగరొచ్చింది. డాక్టరు నడవమన్నాడు. ఆయన వీధిలో నడిచి, పార్కులో నడిచి, అది చాలక మమ్మల్ని అయిదుగుర్ని పోగేసి కొండలకు లాక్కుపోయాడు. ఏడాదికి రెండుసార్లు సంచులు వీపున వేసుకుని రెండు మూడు రోజులు తిరిగొస్తాం. కుళ్ళాయప్పను చేర్చింది నేనే. దారి చూపేది అతను, వంట చేసేది అతను, ఎవరికైనా కాలు బెణికితే వాళ్ళ సంచి కూడా మోసేది అతను. ఏడాదిలో ఆ అయిదారు రోజుల కోసమే అతను మిగతా రోజులన్నీ గడుపుతాడని లక్ష్మీదేవి, అంటే అతని భార్య, నాతో చాలాసార్లు చెప్పింది.

అతని పొయ్యి ఒక రంగు డబ్బా. గోడలకు వేసే పెయింటు వచ్చే నాలుగు లీటర్లది. అడుగున పక్కగా ఒక చిల్లు కొట్టాడు. డబ్బా మధ్యలో సీసా నిలబెట్టి, చుట్టూ చెనిక్కాయ పొట్టు, రంపపు పొట్టు కలిపి గట్టిగా కూరుతాడు. సీసా మెల్లగా పైకి లాగేస్తే నడుమ బొక్క మిగులుతుంది. కింద చిల్లులోంచి అంటిస్తే గంటకు పైగా మంట నిలకడగా ఉంటుంది, ఊదే పని లేదు. ఆ డబ్బా మీద అతను చేసిన చిత్రాన్నం తిన్నవాళ్ళెవరూ ఇంటికి రావాలని తొందరపడలేదు.

నిరుడు నాకు పొయ్యిల పిచ్చి పట్టుకుంది. ఫోన్లో వీడియోలు చూసీ చూసీ, పాత్రల అంగడి పెట్టుకున్నవాడు రంగు డబ్బా మీద వండిన అన్నం తినడం తనకు తలవంపులని నాకు నేనే తీర్మానించుకున్నాను. మూడు నెలలు అదే ధ్యాస. స్పిరిట్‌తో వెలిగేది ఒకటి, ఇంధనం బిళ్ళలు కాల్చేది ఒకటి, పాత పంపు స్టవ్వు ఒకటి, చిన్న గ్యాసు డబ్బా మీద బిగించుకునేది ఒకటి. అన్నిటినీ అంగడి త్రాసులో తూచాను. టేబుల్ ఫ్యాను పెట్టి, గాలిలో ఏది ఎంతసేపటికి లీటరు నీళ్ళు కాస్తుందో చూసి కాగితం మీద రాసుకున్నాను. బేరానికి వచ్చినవాళ్ళు నిలబడి నిలబడి పోయేవాళ్ళు. "ఇంట్లో ఒక్కనాడన్నా టీ పెట్టిన మొగమా ఇది?" అని కస్తూరి నెత్తి కొట్టుకుంది.

చివరికి గ్యాసు పొయ్యి నెగ్గింది. మడిస్తే పిడికిట్లో పడుతుంది. ప్రసాద్ సార్ మిద్దె మీద అందరి ముందూ వెలిగించి చూపించాను. నీలం మంట. అందరూ ఆహా అన్నారు. నేను ఆగొచ్చు కదా? ఆగలేదు. "ఇంక ఆ రంగు డబ్బా పాత ఇనుము గుజిరీకి వేసేయప్పా" అన్నాను. అందరూ నవ్వారు. కుళ్ళాయప్ప కూడా నవ్వాడు గానీ ఒక మాట అడిగాడు.

"అంతా బాగుండాది. రైల్లో గ్యాసు ఒప్పుకోరు గదప్పా? నా డబ్బా అయితే ఖాళీగా వస్తాది. పొట్టు ఆడ దొరుకుతాది."

"గ్యాసు డబ్బాలు ఆడనే కొంటాం లేప్పా. నాకు తెలీదా?" అన్నాను.

జనవరిలో మేం పోబోయే తిరుపతి వైపు పల్లెల్లో ఆ డబ్బాలు దొరకవని నాకు తెలుసు. రెండు డబ్బాలు అప్పటికే మా ఇంట్లో బీరువా మీద ఉన్నాయి.

జనవరిలో బయలుదేరాం. పొద్దున్నే హిందూపురంలో అయిదుగురం ప్యాసింజరెక్కాం, పెనుకొండలో కుళ్ళాయప్ప ఎక్కాడు. ధర్మవరంలో దిగి తిరుపతి బండి పట్టుకోవాలి. కుళ్ళాయప్ప సంచి సగానికి సగం ఖాళీ. మరి రంగు డబ్బా వద్దన్నాం కదా! నా సంచి స్టేషన్ దాకా మోసేసరికే భుజాలు కోసేసింది. అతను తలుపు దగ్గర నిలబడి ఎవరితోనో వానల గురించి మాట్లాడుతుంటే, తువ్వాలులో చుట్టిన ఆ రెండు గ్యాసు డబ్బాలూ తీసి అతని సంచి అడుగున తోసేశాను. బరువు కోసమే తోశాను. అప్పుడు నా మనసులో ఇంకో ఆలోచన లేదు. ఈ ఒక్క మాట మాత్రం మీరు నమ్మాలి, ఎందుకంటే ఇక ముందు చెప్పేవాటిలో నా తరఫున చెప్పుకోవడానికి ఏమీ లేదు.

ధర్మవరం ప్లాట్‌ఫారం మీద రైల్వే పోలీసులు సంచులు విప్పించి చూస్తున్నారు. ముందు ప్రసాద్ సార్‌ది చూశారు, తర్వాత నాది చూశారు. నా సంచిలో పొయ్యి ఉంది గానీ మడిచిన ఇనుప ముక్కను ఎవరు పట్టించుకుంటారు? ఆ తర్వాత ఒక సంచి ఎత్తి, "ఈ సంచి ఎవరిది?" అన్నాడు పోలీసాయన.

"నాది సార్" అన్నాడు కుళ్ళాయప్ప.

ఆయన అడుగుదాకా చెయ్యి పెట్టి తువ్వాలు లాగాడు. రెండు డబ్బాలూ బయటపడ్డాయి.

"ఇవేంది?"

కుళ్ళాయప్ప నా వైపు చూశాడు. నేను వంగి షూ లేసు కట్టుకోవడం మొదలుపెట్టాను. కొత్త షూలు. లేసు ఇంట్లోనే రెండు ముడులు వేసి కట్టింది కస్తూరి. ఆ ముడి విప్పి, మళ్ళీ కట్టి, మళ్ళీ విప్పాను. నేను తలెత్తేసరికి కుళ్ళాయప్పను పక్కకు తీసుకెళ్తున్నారు. అతను నోరు విప్పలేదు.

"చెప్పి చెప్పి తెచ్చాడు చూడు! రైల్లో ఒప్పుకోరన్నది ఇతనే, తెచ్చిందీ ఇతనే!" అని ప్రసాద్ సార్ మండిపడ్డాడు. తిరుపతి బండి వచ్చేసింది. కుళ్ళాయప్ప పోలీసుల దగ్గరి నుంచే గట్టిగా కేకేశాడు: "మీరు పోండప్పా, బండి పోతాది! నా సంచిలో రొట్టెల మూట ఉండాది, తీస్కపోండి!"

మేం పోయాం. ఆ మూట కూడా తీసుకునే పోయాం. గ్యాసు లేదు, రంగు డబ్బా లేదు. నేను మూడు నెలలు తూచి తూచి కొన్న పొయ్యి నా సంచిలో చల్లగా పడుకుంది. రెండు రోజులు లక్ష్మీదేవి కాల్చిన జొన్నరొట్టెలూ చెనిక్కాయ పొడీ తిన్నాం. నాకు ముద్ద దిగలేదని చెబితే బాగుంటుంది. కానీ దిగింది. ఆకలేసింది, తిన్నాను.

అతన్ని గుంతకల్లు రైల్వే కోర్టులో జడ్జి ముందు నిలబెట్టి, జరిమానా కట్టించుకుని పంపారు. పల్లెలో అతనికి 'గ్యాసు కుళ్ళాయప్ప' అని పేరు పడింది. వారం తర్వాత లక్ష్మీదేవి ఫోను చేసింది.

"అన్నా, నువ్వు చదువుకున్నోనివి. పట్నంలో నలుగుర్ని చూసినోనివి. ఈయప్పకు నువ్వన్నా బుద్ధి చెప్పు. అడిగితే ఉలకడు పలకడు. పోలీసులు పట్టుకుండే పని మా ఇంటా వంటా లేదు."

"చెప్తాలేమ్మా" అన్నాను.

అన్నాను! ఆ మాట నా నోట్లోంచే వచ్చింది.

ఫిబ్రవరిలో మిద్దె మీద మళ్ళీ కూర్చున్నాం. కేసులూ గీసులూ మన వయసుకు పనికిరావు, అతన్ని గ్రూపులోంచి తీసేద్దాం అన్నాడు ప్రసాద్ సార్. సరే అన్నవాళ్ళు చేతులెత్తమన్నాడు. నేనూ ఎత్తాను. మోచేతి దాకానే ఎత్తాను గానీ, ఎత్తింది ఎత్తినట్టే కదా. ఇంటికొచ్చి పడుకుని నాకు నేను సర్దిచెప్పుకున్నాను: తనదేనని అతనే ఒప్పుకున్నాడు కదా, నేనేమన్నా అతని మీదికి తోశానా? అదే మాట రోజూ అనుకునేవాణ్ణి. ఒక్క రోజూ నిద్ర సరిగ్గా పట్టలేదు.

మేలో ఒక మధ్యాహ్నం అంగడి మెట్ల దగ్గర ఎండలో కుళ్ళాయప్ప నిలబడి ఉన్నాడు. చేతిలో రంగు డబ్బా.

"ఏమబ్బా, బాగుండావా? జూన్‌లో మళ్ళా పోతాండారంట గదా. మొన్న మీరు ఆడ ఉడుకన్నం లేక రొట్టెలతోనే సరిపెట్టుకుంటిరంట. దీన్ని తీస్కపోండి. ఎట్ల కూరాల్నో నీకు చూపిస్తా, కష్టమేం గాదు."

తనను తీసేసిన సంగతి అతనికి తెలుసు. తెలిసే వచ్చాడు. అంగడిలో కూర్చుని, సీసా ఒకటి అడిగి తీసుకుని, గోనెసంచిలోంచి పొట్టు తీసి నాకు నేర్పించడం మొదలుపెట్టాడు. "వదులుగా కూరొద్దప్పా, కూలిపోతాది" అంటున్నాడు. పగుళ్ళు బారిన ఆ వేళ్ళు చూస్తూ ఇంక పట్టలేకపోయాను.

"ఆ డబ్బాలు నేనే పెట్టినాను కుళ్ళాయప్పా. నీ సంచిలో. నువ్వు తలుపు కాడ ఉన్నప్పుడు."

అతని చెయ్యి ఆగలేదు. పొట్టు ఒత్తుతూనే అన్నాడు.

"తెలుసప్పా. ధర్మవరంలో సంచి ఎత్తుకోంగానే తెలిసె. నా సంచి బరువు నాకు తెలీదా?"

"మరి నాది అని ఎందుకంటివి?"

"సంచి ఎవరిదని అడిగిరి. సంచి నాదే గదా, నాది అంటి. డబ్బాల సంగతి నువ్వు చెప్తావని నీ పక్క చూస్తి."

నాకు తల కొట్టేసినట్టయింది. ఇన్నాళ్ళూ నన్ను నేను ఏ మాటతో కాపాడుకున్నానో ఆ మాట కూడా పోయింది. అతను ఏదీ ఒప్పుకోలేదు, నా మీది మమకారంతో అబద్ధమూ ఆడలేదు. నేను మాట్లాడతానని ఎదురుచూశాడు, అంతే.

"మరి తర్వాత అయినా ఎవరికీ ఎందుకు చెప్పలేదప్పా? ఇంట్లో కూడా?"

అతను సీసా మెల్లగా పైకి లాగాడు. బొక్క చక్కగా నిలబడింది.

"చెప్పాల్సింది నేనా?" అన్నాడు.

ఆ ఆదివారం మిద్దె మీద అందరి ముందూ చెప్పాను. ప్రసాద్ సార్, "అతన్ని తీసేసేటప్పుడు నువ్వు కూడా చెయ్యెత్తినావు కదప్పా" అన్నాడు. ఎత్తాను సార్ అన్నాను. వాళ్ళ పల్లెకు పోయి లక్ష్మీదేవికీ చెప్పాను. ఆమె లోపలికి పోయి నీళ్ళు తెచ్చిచ్చింది. నన్ను అన్నా అని మాత్రం పిలవలేదు. కుళ్ళాయప్ప రచ్చకట్ట దాకా నాతో వచ్చి, "ఆయమ్మకు కోపం తగ్గాలంటే కొంచెం టైం పడతాది, నువ్వేమీ అనుకోవద్దు" అని నన్నే ఓదార్చాడు.

జూన్‌లో ఆరుగురం పోయాం. దారి అతనే చూపించాడు, రంగు డబ్బా మీద వంట అతనే చేశాడు. నాకు ఎప్పటిలాగే అడుగు మాడిన అన్నం విడిగా తీసి పెట్టాడు, అదంటే నాకిష్టమని అతనికి తెలుసు. ఇప్పుడు మా మధ్య ఏమీ మారలేదని చూసినవాళ్ళు అనుకుంటారు.

ఒక్కటి మారింది. రైలు దిగే ముందు కుళ్ళాయప్ప తన సంచి విప్పి, అడుగుదాకా చెయ్యి పెట్టి చూసుకుంటాడు. ఇంతకు ముందు అతనికి ఆ అలవాటు లేదు. నా వైపు చూడడు, ఏమీ అనడు. చూసుకుని తాడు బిగించి భుజాన వేసుకుంటాడు. అతను చూసుకున్నంత సేపూ నేను తల వంచకుండా అతని ఎదురుగా నిలబడతాను.