శనివారం సంతకం

మా సమాజంలో ఇళ్ళు ఇరవై రెండు, అధ్యక్షులు ఇరవై ముగ్గురు. ప్రార్థన మందిరానికి ఆకుపచ్చ రంగు వేయాలా, నీలం వేయాలా అన్న చర్చ మొదలైనప్పుడు ఉయ్యాలలో ఉన్న పిల్ల, చర్చ ముగిసిన సభలో లేచి నిలబడి నీలానికి చెయ్యెత్తింది. ఇందులో అతిశయోక్తి లేదు. ఉన్నా కొంచెమే.

నరసరావుపేట పక్కన యూదులేమిటని మీరు అడుగుతారని తెలుసు. మేం తెలుగు యూదులం. గోంగూర పచ్చడి లేనిదే ముద్ద దిగదు. అలాగని శుక్రవారం పొద్దుగూకింది మొదలు, శనివారం ఆకాశంలో మూడు చుక్కలు పొడిచేదాకా పొయ్యి వెలిగించం, బండెక్కం, కలం పట్టం; అది మా సబ్బాతు, విశ్రాంతి దినం. నాకు తహశీల్దారు ఆఫీసు ఎదురుగా జిరాక్సులు తీసి, అర్జీలు రాసిచ్చే షాపుంది. శనివారం అది మూస్తే జిల్లా పాలన సగం ఆగిపోతుందని నా గట్టి నమ్మకం. అయినా మూస్తాను.

ఈ నిష్ఠలో భక్తి సగం, రోషం సగం. మేం నిజంగా యూదులమేనా అని తేల్చడానికి ఎక్కడెక్కడి నుంచో మనుషులు వస్తారు. ఒకాయన మాంసానికొకటి, పాలకొకటి విడిగా ఉన్నాయా అని మా వంటింట్లో గరిటెలు లెక్కపెట్టి రాసుకున్నాడు. ఒకామె మా పెద్దమ్మని కూర్చోబెట్టి అడిగిన ప్రశ్నలు కలెక్టరు ఉద్యోగానికి కూడా అడగరు. వాళ్ళు వెళ్ళిన ప్రతిసారీ మేం ఇంకాస్త బిగుసుకున్నాం. ఎవడూ మాలో తప్పు పట్టకూడదు, అంతే.

పోయిన వానాకాలం ఒక బర్మా కుటుంబం మా వీధిలోకొచ్చింది. భార్య, భర్త, ఆరేళ్ళ పాప. ఊరు తగలబడితే ప్రాణాలతో బయటపడ్డారు. శరణు కోసం పెట్టుకున్న దరఖాస్తు ఢిల్లీలో ఏ బల్ల మీద నిద్రపోతోందో తెలీదు. అతను మిర్చి కోల్డ్ స్టోరేజీలో టిక్కీలు, అంటే మిరప బస్తాలు, మోసేవాడు. ఎవరో పెద్దమనిషి ఫోన్ చేశాడని ఇంటి ఓనరు వాళ్ళ సామాను వానలో రోడ్డు మీద పెట్టించాడు. సామానంటే ఒక చాప, రెండు గిన్నెలు, పాప స్కూలు సంచి. దాన్ని బయటపడేయడానికి నలుగురు మగాళ్ళొచ్చారు. ఆ నలుగుర్నీ తలుచుకుంటే ఇప్పటికీ నా పళ్ళు నూరుకుంటాయి. ఇప్పటికి రెండు అరిగిపోయాయి.

మందిరం పక్కన మా పండగ గుండిగలు పెట్టుకునే గది ఉంది. అది వాళ్ళకిద్దామన్న మాట ఆరు నిమిషాల్లో తేలిపోయింది. మా చరిత్రలో అంత వేగం ఎన్నడూ లేదు. వాళ్ళు తురకలు, మా ప్రార్థనకీ వాళ్ళ ప్రార్థనకీ ముఖాలు వేరే వైపు. పంది మాంసం మాత్రం ఇద్దరికీ పనికిరాదు కాబట్టి వంటింటి తగాదా కూడా రాలేదు.

నెల తిరిగిన తర్వాత ఒక శనివారం, మేం ప్రార్థనలో ఉండగా అతని భార్య పాపని చంకనేసుకుని పరిగెత్తుకుంటూ వచ్చింది. వెనకే ఒక కానిస్టేబులు. ఆమె భర్తని కోల్డ్ స్టోరేజీ నుంచే స్టేషన్‌కి తీసుకెళ్ళారట. గది ఇచ్చినవాళ్ళు ఇద్దరు పూచీ పడుతూ కాగితం రాసి, సంతకం పెట్టి తేవాలి. రెండింటికల్లా రాకపోతే అతన్ని హైదరాబాదు వ్యానెక్కిస్తారు. అక్కణ్ణుంచి సరిహద్దు దాటించేస్తారో, ఏ గోడల మధ్య ఉంచుతారో కానిస్టేబులుకీ తెలీదట. చెప్పేసి, మా మజ్జిగ తాగి వెళ్ళిపోయాడు.

అప్పుడు టైము పదకొండు. ఇరవై ముగ్గురు అధ్యక్షులూ లేచారు.

ప్రార్థన నడిపించే మా పెదనాన్న, మూడు చుక్కలు కనపడగానే మొదటి సంతకం తనదే అన్నాడు. రెండింటికి చుక్కలెలా వస్తాయని ఎవరూ అడగలేదు. ఒక బాబాయి, పోలీసోళ్ళ వ్యాను ఏనాడు టైముకి కదిలిందని ధైర్యం చెప్పాడు. ఇంకొకాయన, వీధి చివర దర్జీ చేత రాయిద్దామన్నాడు. దర్జీ గది ఇవ్వలేదు గదా అని నలుగురు ఆయన మీద పడ్డారు. పాప తల్లికి తెలుగు రాదు. ఎవరు మాట్లాడితే వాళ్ళ నోటి వంక చూస్తోంది. గంటసేపు అలా చూసింది.

నా సంగతేమిటంటారా? పొద్దస్తమానం అర్జీలు రాసి బతికే నాకు ఆ కాగితంలో ప్రతి లైనూ కంఠతా వచ్చు. కలం మా ఇంటి గూట్లో, పాతిక అడుగుల దూరంలో ఉంది. నేను నేల వంక చూస్తూ కూర్చున్నాను. నాలుగు ఊళ్ళ మీద నోరు పారేసుకునే నేను, ఆ గంటలో ఒక్క ముక్క మాట్లాడలేదు. ఆ ఇంటి ఓనరు మీద ఎంత కోపముందో, నా మీద అంతకి రెండింతలుంది.

ఆడవాళ్ళ వైపు నుంచి పెద్దమ్మ లేచింది. పెదనాన్న భార్య. ఆ ప్రశ్నలన్నీ పడ్డ మనిషి.

"గరిటెలు లెక్కపెట్టేవోళ్ళు ఇయ్యాల ఎవరూ రాలేదు గదయ్యా. ఎవరికి చూపిద్దామని ఇదంతా?" అంది. "ప్రాణం మీదికొస్తే సబ్బాతు పక్కకి జరుగుద్దని పోయిన్నెల చదివి చెప్పింది నువ్వా, ఇంకోళ్ళా?"

పెదనాన్న ముఖం ఎండుమిరపకాయలా అయింది. నా వైపు తిరిగి, "రాయరా" అన్నాడు.

రాశాను. మా వంశంలో శనివారం నాడు కలం పట్టిన మొదటివాణ్ణి నేనే. నేనూ బాబాయీ సంతకాలు పెట్టాం. ఆటో ఎక్కొచ్చా అన్న చర్చ మొదలవబోతే, పెద్దమ్మ ఎక్కి కూర్చుని డ్రైవర్ని పోనిమ్మంది.

స్టేషన్లో రికార్డులు రాసే రైటరు కాగితం తిప్పి తిప్పి చూశాడు. "యూదులంటే ఏ కులం?" అన్నాడు. "మీరు వాళ్ళేనని రుజువేంది?"

పారిపోయి వచ్చినవాడు బెంచీ మీద కూర్చునున్నాడు, వాడికి పూచీ పడ్డానికొచ్చిన మమ్మల్ని రుజువడుగుతున్నారు. నాలో అప్పుడు మరిగిన రక్తం వేడికి కోటప్పకొండ తిరునాళ్ళకి వచ్చిన జనానికంతా అన్నం వండొచ్చు. నోరు మాత్రం, శనివారం షాపు కూడా తెరవం సార్, అందుకే ఆలస్యమైంది అని వినయంగా పలికింది. నా నోరు సరైన సమయంలో మూసుకుని, కాని సమయంలో తెరుచుకుంటుంది.

రైటరు ముఖం వికసించింది. అతన్ని మాతో పంపుతాడట గానీ, దరఖాస్తు తేలేదాకా వారానికోసారి మాలో ఒకరు వెంటబెట్టుకొచ్చి రిజిస్టర్లో సంతకం పెట్టాలట. ఒక్క వారం తప్పినా వ్యానేనట. "శనివారం ఖాళీయే గదా. అదే రాసేస్తున్నా" అన్నాడు. వేరే రోజు ఇమ్మని బతిమాలాం. అప్పటికే రాసేశాడు.

ఇప్పుడు మా మందిరం గోడ మీద వంతుల కాగితం వేలాడుతోంది. వారానికొక ఇల్లు. ఎవరి వంతు ముందన్న దాని మీద ఏడు వారాలు తగాదా పడ్డాం. ఈలోగా ఏడు సంతకాలూ నేనే పెట్టాను.

పోయిన శనివారం పెదనాన్న వంతు. ఆటో వద్దని మూడు కిలోమీటర్లు నడిచాడు. ఆ బర్మా అబ్బాయి ఆయనకి గొడుగు పట్టి పక్కన నడిచాడు, వెనక నేను. రిజిస్టరు ముందు కలం పట్టుకుని ఆయన అలాగే నిలబడిపోయాడు.

"తాతా, వేలిముద్రేస్తావా ఏంది?" అన్నాడు రైటరు.

"సంతకమే పెడతా. డెబ్భై ఏళ్ళలో శనివారం కలం పట్టలా. తొందరపెట్టమాక."

పెట్టాడు. ఒక్కో అక్షరం బల్ల కిర్రుమనేలా నొక్కి పెట్టాడు. వారానికో పేజీ ఉన్న ఆ రిజిస్టర్లో, కిందున్న నాలుగు పేజీల దాకా ఆయన పేరు అచ్చు పడింది. వచ్చే నెల దాకా ప్రతి శనివారం మా వాళ్ళెవరు వెళ్ళినా ఆ గీతల మీదే సంతకం పెట్టాలి.