సీసమ్మ బ్యాడ్జి

మా అక్క ఎక్స్‌రే గదిలో సీనియర్ టెక్నీషియన్. పొద్దున్నించీ అద్దం వెనకాల నిలబడి "ఊపిరి పీల్చండి, బిగపట్టండి, కదలకండి" అని అరవడం ఆమె ఉద్యోగం. ఇంటికొచ్చినా ఆ గొంతు దిగదు. వంటింట్లోంచి ఏదైనా గట్టిగా అందంటే మా బావ సోఫాలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఊపిరి బిగపట్టేస్తాడు. ఇక వదలొచ్చని ఆయనకు ఎవరూ చెప్పరు, పాపం.

అదే విభాగం బయట చీటీలు రాసే కౌంటరు నాది. ఇల్లు కూడా వాళ్ల పక్కవాటాయే. కాబట్టి ఆమె తిట్లు నాకు రెండు పూటలా అందుతాయి.

శిక్షణకు వచ్చే విద్యార్థులు ఆమెకు సీసమ్మ అని పేరు పెట్టారు. కిరణాలు తగలకుండా ఒంటిమీద తొడుక్కునే సీసం ఏప్రాన్ ఎంత బరువో ఆమె మాటా అంత బరువు. కానీ పాఠం చెప్పడంలో మాత్రం ఆమెకు ఆమే సాటి.

"కిరణం దగ్గర తక్కువసేపు ఉండండి. వీలైనంత దూరంగా ఉండండి. మధ్యలో ఏదైనా అడ్డం పెట్టుకోండి. నా విషయంలో మీరు చేసేది ఇదేగా, కొత్తగా నేర్చుకునేదేముంది?" అనేది. "రెండింతలు దూరం జరిగితే దెబ్బ నాలుగో వంతే పడుతుంది. మరి జరగరేం?" అని గదిమేది. "త్వరత్వరగా చీలే కణాలకే దెబ్బ ఎక్కువ. ఎముకల్లో మూలుగ, పేగులు, కడుపులో బిడ్డ. మీ బుర్రలో కణాలకు ఎలాగూ చలనం ఉండదు, మీరు నిశ్చింతగా ఉండండి." చర్మం కాలడం, కంట్లో శుక్లం లాంటివి ఓ హద్దు దాటాకే వస్తాయట. క్యాన్సర్‌కు ఆ హద్దు లేదట. "అది లాటరీ. ఒక్క టికెట్టు కొన్నా తగలొచ్చు. టికెట్లు తక్కువ కొనండి, అంతే మన చేతిలో ఉంది."

ఇక బ్యాడ్జి సంగతి. వేలెడంత ప్లాస్టిక్ బిళ్ల. ఏప్రాన్ లోపల, గుండెల దగ్గర చొక్కాకి తగిలించుకోవాలి. ఒంటికి ఎంత రేడియేషన్ తగిలిందో అది దాచిపెట్టుకుంటుంది. మూడు నెలలకోసారి ల్యాబుకు పంపితే వాళ్లు అంకె చెబుతారు. బ్యాడ్జి లేకుండా గదిలో అడుగుపెట్టినవాణ్ణి మా అక్క మెడపట్టి గెంటినంత పని చేసేది. పెద్ద డాక్టర్లనీ వదిలేది కాదు.

అలాంటి అక్కకు ముప్ఫై తొమ్మిదో ఏట కడుపొచ్చింది. అంతకు ముందు రెండుసార్లు వచ్చి, నిలవలేదు. అందుకే ఈసారి తనే నమ్మలేదు. మొదటి వారాలన్నీ అజీర్తి అనుకుని సోడా తాగుతూ గడిపింది. పరీక్ష చేయించుకుని వచ్చిన రోజు నా కౌంటరు దగ్గర నిలబడి ఏడ్చింది. చీటీ కోసం నిలబడ్డ ముసలాయన తనకేదో పెద్ద రోగం తేలిందనుకుని తనూ ఏడవబోయాడు.

ఆ వారంలోనే ల్యాబునుంచి అంకె వచ్చింది. ఎప్పుడూ వచ్చేదానికి ఎన్నో రెట్లు ఎక్కువ.

రేడియేషన్ భద్రత చూసే లెక్కల సారు పరుగున వచ్చాడు. "బ్యాడ్జి ఎక్కడైనా వదిలేశారేమో గుర్తు చేసుకోండమ్మా," అన్నాడు మెల్లగా.

"నేనా?" అక్క అగ్గిమీద గుగ్గిలమైంది. "నేను బ్యాడ్జి వదిలేయడమా? ఆ మాట ఇంకెవరితోనైనా అనండి సార్!"

"సరే. మీ ఒంటిమీదే ఉందనుకుందాం. అప్పుడు ఆ డోసు మీకు తగిలినట్టే. అయినా కంగారేం లేదు. పిండానికి తగిలే డోసు వంద మిల్లీగ్రేలు దాటితేనే లోపాల భయం. ఈ అంకె మొత్తం కడుపుకే తగిలిందనుకున్నా పదికి చేరదు."

అక్క తలూపింది. సాయంత్రం ఇంట్లో నాతో అంది: "ఆయన చెప్పింది నిజమేనే. ఏటా నేను చెప్పే పాఠమే. తలకు ఎక్కుతోంది కానీ కడుపుదాకా దిగట్లేదు."

మా బావ సిటీ బస్సు డ్రైవరు. నాలుగు రోడ్ల కూడలిలో కూడా హారన్ కొట్టడానికి మొహమాటపడే మనిషి. ఆయన గోడకేసి చూస్తూ అన్నాడు: "ఇదీ పోతే నువ్వు తట్టుకోలేవు. ఏదో లోపంతో పుడితే నేను తట్టుకోలేను. మొదట్లోనే తీయించేసుకుందాం. శుక్రవారం డాక్టరమ్మ రమ్మంది."

అక్క కాదనలేదు. ఆమె కాదనకపోవడం నేనెప్పుడూ చూడలేదు.

మర్నాడు పొద్దున ఆమె విద్యార్థులందర్నీ ఖాళీ ఎక్స్‌రే గదిలో నిలబెట్టింది. చీటీలు ఇవ్వడానికని నేనూ దూరాను. రాత్రంతా ఆలోచించినట్టుంది, కళ్లు వాచిపోయి ఉన్నాయి. జీవితంలో మొట్టమొదటిసారి తప్పు తనదైతే బాగుండునని ఆమె కోరుకుంటోంది. తప్పు తనది కాకపోతే ఆ అంకె బిడ్డది.

"నా బ్యాడ్జి నా ఒంటిమీద లేకుండా ఎవరైనా చూశారా?"

అందరూ బూట్లు చూసుకున్నారు. చివరికి వెనక వరసలోంచి పొడుగమ్మాయి గొంతు సవరించుకుంది.

"చెప్తే తిట్టరుగా మేడం?"

"తిడతాను. చెప్పు."

"మీకు గుండెల దగ్గర గుచ్చుకుంటోందని, నొప్పిగా ఉందని, బ్యాడ్జి తీసి ఏప్రాన్ బయటి జేబుకు తగిలించారు మేడం. కాసేపటికే అన్నారు. మళ్లీ లోపలికి మార్చలేదు. రోజూ పదకొండింటికి వాంతొస్తోందని ఏప్రాన్ విప్పి కుర్చీమీద పడేసి వెళ్లేవారు. ఎముకల డాక్టరు గారి ఏప్రాన్ పట్టీ తెగిపోయింది కదా, ఆయన మీ ఏప్రాన్ తొడుక్కుని ఆపరేషన్ థియేటర్‌కి వెళ్లేవారు. అక్కడ ఎక్స్‌రే మెషీన్ ఆన్‌లోనే ఉంచి ఎముకల్లో రాడ్లు వేస్తారు కదా మేడం. బ్యాడ్జి కూడా వెళ్లేది."

అక్క తన ఏప్రాన్ బయటి జేబు తడిమి చూసుకుంది.

ఎముకల డాక్టరును నేనే లాక్కొచ్చాను. "అవును, తీసుకున్నాను, దానిమీద ఏదో బిళ్ల ఉండేది," అన్నాడాయన, అదేదో పెన్ను అయినట్టు. ఆయన సొంత బ్యాడ్జి సొరుగులో హాయిగా నిద్రపోతోందట.

అక్క అక్కడే ఎక్స్‌రే బల్లమీద కూలబడి లెక్కల సారుకు ఫోన్ చేసింది. "సార్! నిర్లక్ష్యం నాదే సార్! బుద్ధిలేని పని చేశాను, మెమో ఇవ్వండి!" అని కేకలు. మెమో కోసం అంత సంబరపడ్డ ఉద్యోగిని ఆయన చూసి ఉండడు. తర్వాత బావకు ఫోన్ చేసి శుక్రవారం ఎక్కడికీ వెళ్లడం లేదని చెప్పింది. ఆయన బస్సు పక్కకు ఆపి ఏడ్చాడని కండక్టరు చెప్పాడు.

ఫోన్ పెట్టేశాక అక్క పొడుగమ్మాయి వైపు తిరిగింది.

"ఎన్నాళ్లుగా తెలుసు?"

"మొదట్నించీ మేడం. అందరికీ తెలుసు. నేనోసారి చెప్పబోయాను. నోర్మూసుకుని గోడ వెనక్కి పొమ్మన్నారు."

అక్క తిట్టలేదు. పిల్లలు ఒక్కొక్కరే బయటికి జారుకున్నారు. పొడుగమ్మాయి కూడా వెళ్లిపోయాక అక్క రెండు చేతులూ పొట్టమీద పెట్టుకుని ఆ తలుపుకేసే చూస్తూ కూర్చుంది.

"ఇవాళ కూడా ఆ పిల్ల నాకు భయపడి ఊరుకుని ఉంటే," అంది, "శుక్రవారం వీణ్ణి చంపేసేదాన్ని కదే."